పేరు రాయని పటం

నేను దయ్యాలను నమ్మను. ఆత్మలు, శకునాలు, పోయినవాళ్ళు కలలో కనిపించి కబురు చెప్పడాలు, ఏవీ నమ్మను. శుక్రవారం గోళ్ళు తీసుకోకూడదని మా అమ్మ అంటుందని హన్మకొండలో పట్టుబట్టి శుక్రవారమే తీసుకునేవాణ్ణి. ఇప్పుడు స్టుట్‌గార్ట్ దగ్గర కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే ఉద్యోగం నాది. ఎవరైనా వచ్చి ఫలానా చోట తప్పు వస్తోందంటే, మళ్ళీ చేసి చూపించమంటాను. చూపించలేకపోతే నా లెక్కలో ఆ తప్పు లేనట్టే.

ఇక్కడ రాస్తున్నది నేను మళ్ళీ చేసి చూపించలేనిది. రాయమన్నది నా భార్య రమ్య. నేను రాయనని రెండు నెలలు తప్పించుకు తిరిగాను.

మేముండే ఊరు స్టుట్‌గార్ట్ నుంచి ఎస్-బాన్ లోకల్ రైల్లో ఇరవై ఐదు నిమిషాలు. మూడంతస్తుల పాత ఇల్లు. మేం రెండో అంతస్తులో ఉంటాం. కింద కోస్తాస్ అనే గ్రీకు పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. ఎనభై దాటాయి. కుర్రతనంలో ఇక్కడికి పనికి వచ్చి, కార్ల తలుపులకు రంగు కొట్టే విభాగంలోనే రిటైర్ అయ్యాడు. ఆ తర్వాత దేవుళ్ళ పటాలు గీయడం మొదలుపెట్టాడు. వాళ్ళ చర్చిల్లో గోడకు ఆనించి పెడతారు చూడండి, వెనక బంగారు రంగుతో, పెద్ద పెద్ద కళ్ళతో, అలాంటివి. "తలుపుకి నాలుగు నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఒక్క పటానికి నలభై రోజులు పడుతుంది" అని ఆయనే తన మీద జోక్ వేసుకునేవాడు.

మొదటి రెండేళ్ళు మాకూ ఆయనకూ మెట్ల మీద నమస్కారం తప్ప ఏమీ లేదు.

తర్వాత మా బిడ్డ పోయింది.

ఎనిమిదో నెల. కదలిక లేదని రమ్య అంటే హాస్పిటల్‌కి వెళ్ళాం. స్కాన్ చేసిన డాక్టర్ తెరను మా వైపు నుంచి పక్కకు తిప్పుకుంది. అప్పుడే నాకు తెలిసిపోయింది. నొప్పులు రప్పించి, మర్నాడు మధ్యాహ్నం కాన్పు చేశారు. ఆడపిల్ల. కాన్పు చేసిన హెబామె, అంటే మనం మంత్రసాని అంటామే ఆవిడ, బిడ్డను తుడిచి, అల్లిన టోపీ పెట్టి, తెల్లటి గుడ్డలో చుట్టి తెచ్చింది. తల్లి ఎత్తుకుంటే మంచిదని చెప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది.

అంతకు ముందే ఫోన్‌లో మా అమ్మ ఏడుస్తూ ఒక మాట అంది. "బిడ్డ మొకం దానికి సూపియ్యకురా. సూస్తె జన్మల మర్సిపోదు. నువ్వు సూస్కో, సాలు." మా వైపు అలాగే చేస్తారు. పోయిన బిడ్డను తల్లికి చూపించరు. మగవాళ్ళు తీసుకుపోయి పూడ్చి వస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. శుక్రవారం గోళ్ళు తీసుకునే నేను కూడా ఆ రోజు అడగలేదు.

రమ్య కళ్ళు మూసుకొని ఉంది. "చూడాల్నా?" అని నన్నే అడిగింది. నేను వద్దన్నాను.

ఆ ఒక్క మాటే ఈ మొత్తానికీ మూలం. వద్దని చెప్పి, పక్క గదిలోకి వెళ్ళి నేను చూశాను. టోపీ కొంచెం పైకి జరిపాను. నల్లటి జుట్టు. కుడి చెవి కింద, దవడ మొదలయ్యే చోట, రెండు పుట్టుమచ్చలు. పైది సగం చింతగింజంత, దాని కిందనే రెండోది ఆవగింజంత. ఆ రెండూ నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, రమ్యకి అసలే చెప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

హాస్పిటల్ వాళ్ళు ఇలాంటి పిల్లలకు ఫొటోలు తీయించి కవర్‌లో పెట్టి ఇస్తారు. కవర్ అంటించి, అంటించిన చోట అడ్డంగా నర్సు నీలం పెన్నుతో సంతకం చేసి, ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడే తెరవండి అని నా చేతికిచ్చింది. దాన్ని అన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు కాగితాల ఫైల్లో, ఇంటి అద్దె ఒప్పందం వెనక పెట్టాను. పుట్టిన బిడ్డ వివరాలు రాసే ఫారంలో పేరు గడి ఖాళీగా వదిలేశాను. ఊరి శ్మశానంలో పిల్లలకు విడిగా ఒక మూల ఉంది. అక్కడే నేనూ, చర్చి పనులు చూసే ఒక ముసలావిడా కలిసి పూడ్చి వచ్చాం. పక్క సమాధుల మీద రంగురంగుల ప్లాస్టిక్ గాలిమరలు తిరుగుతున్నాయి. మా దాని మీద ఏమీ లేదు, ఒక చెక్క గుర్తు తప్ప. దాని మీద కూడా ఏమీ రాయించలేదు.

ఆ తర్వాత రమ్య మాట్లాడటం తగ్గించేసింది. వంట చేసేది, తినేది, కిటికీ దగ్గర కూర్చునేది. బిడ్డ గురించి ఒక్క మాట అడగలేదు. మా అమ్మ చెప్పింది నిజమే, మరిచిపోతోంది అనుకున్నాను. నా తెలివి అంత మటుకే.

ఇక్కడ మేముండే ప్రాంతంలో కెర్‌వోఖె అని ఒక ఆచారం ఉంది. మెట్లు, వాకిలి ఊడ్చే వంతు వారానికో ఇంటిది. ఎవరి వంతైతే వాళ్ళ తలుపుకు ఒక చెక్క బిళ్ళ తగిలిస్తారు. హాస్పిటల్‌లో ఉన్న వారం మా వంతు వచ్చింది, తర్వాత కూడా వస్తూనే ఉంది. ప్రతిసారీ ఎవరో ఊడ్చారు. ఎవరా అని చూస్తే కోస్తాస్. ఆయనకు మెట్టెక్కితే ఆయాసం. ఏళ్ళ తరబడి సిగరెట్లు కాల్చిన ఊపిరితిత్తులు. మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ మా వంతు ఊడ్చాడు.

రమ్య సిగ్గుపడి, పులిహోర కలిపి గిన్నెలో పెట్టుకుని కిందికి వెళ్ళింది. పదిహేను నిమిషాల్లో వస్తుందనుకుంటే రెండు గంటలకు వచ్చింది. చేతులకు పసుపు రంగు ఉంది. పసుపు కాదు, గుడ్డు సొన.

ఆయన పటాలకు రంగులు గుడ్డు సొనలోనే కలుపుతాడట. తెల్లసొన తీసేసి, పచ్చసొనను ఈ అరచేతి నుంచి ఆ అరచేతికి దొర్లించి ఆరబెట్టి, పైపొరను రెండు వేళ్ళతో పట్టుకుని సూదితో గుచ్చితే లోపలిది గిన్నెలోకి జారుతుంది. పొర చేతిలో మిగలాలి. ఆయన చేతులు వణుకుతున్నాయి. నాలుగు గుడ్లు పాడు చేశాడని రమ్య నవ్వుతూ చెప్పింది. నాలుగు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు. నేను వంటింట్లోకి వెళ్ళి ఊరికే గ్లాసులు కడిగాను.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం కిందికి వెళ్ళేది. కోస్తాస్ తాత అని పిలిచేది. తాత అంటే అర్థం చెప్పించుకుని ఆయన చాలా సంతోషపడ్డాడు. ఆయన జర్మన్ ఫ్యాక్టరీ జర్మన్, ఈమెది బి-వన్ కోర్సు పుస్తకంలో నేర్చుకున్న జర్మన్. ఇద్దరికీ సరిపోయింది.

ఆయన గీస్తున్నది తల్లీ బిడ్డల పటం. బిడ్డ తల్లి చెంపకు చెంప ఆనించి ఉంటాడు. మొదట నమూనా గీతలు చూసి రమ్య, "గిదేంది, పిల్లగాని మొకం ముసలోని లెక్కుంది" అందట. వాళ్ళ పద్ధతి అంతే. ఏదీ సొంతంగా గీయకూడదు. తరాల నుంచి వచ్చిన నమూనా కాగితం పలక మీద పెట్టి గీతలు దింపుకోవాలి. ఒక వేలు కొంచెం పక్కకు జరిగినా తప్పే. కింద సంతకం చేయకూడదు. ముఖాలు అన్నిటికన్నా చివర వేస్తారు. ముందు ముఖమంతా ముదురు ఆకుపచ్చలో, దాదాపు నల్లగా నింపి, దాని మీద పొర తర్వాత పొర వెలుగు ఎక్కిస్తూ వస్తారు. అన్నీ అయ్యాక పైన పేరు రాయాలి. పేరు రాసేదాకా అది ఉత్త బొమ్మే, పటం కాదు, చర్చిలో పెట్టరు.

ఒకరోజు నేను ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి కిందికి వెళ్ళాను. తల చుట్టూ ఉండే చక్రానికి బంగారు రేకు అంటిస్తున్నారు. అక్కడ ముందే ఎర్రమట్టి పూసి నున్నగా రుద్ది పెట్టారు. ఆ మట్టి మీద నోటితో వెచ్చటి ఆవిరి ఊదాలి. ఆ తడికే రేకు అంటుకుంటుంది. కోస్తాస్ దగ్గర అంత ఊపిరి లేదు. రమ్య పలక మీదికి వంగి, నోరు తెరిచి, లోపలి నుంచి ఊపిరి వదిలింది. ఆయన వణికే చేత్తోనే రేకు పెట్టాడు. ఊదడం, పెట్టడం, ఊదడం, పెట్టడం. నన్ను ఇద్దరూ చూడలేదు. గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాను. ఆమె గుండెల్లోంచి గాలి అంత బయటికి రావడం చాలా రోజుల తర్వాత చూస్తున్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఆమె చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. తనకూ పెళ్ళైన కొత్తలో, కార్మికుల హాస్టల్లో ఉన్న రోజుల్లో, ఇలాగే ఒక బిడ్డ పుట్టి పోయిందన్నాడు. తాను చూడలేదట, భార్యను చూడనివ్వలేదట. తర్వాత కూతురు పుట్టినా, పోయేదాకా ఆవిడ ఆ మొదటి బిడ్డ జుట్టు ఏ రంగని అడుగుతూనే ఉందట. అది ఆయనకూ తెలియదు. ఆవిడ పోయాకే ఈ పని నేర్చుకున్నాడు.

"నువ్వు చూశావా?" అని అడిగాడు.

చూశానన్నాను. ఎలా ఉందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పలక మీద బిడ్డ ముఖం ఇంకా నల్లగానే ఉంది. దాన్ని వేలితో చూపించి, "ముఖాన్ని చీకట్లో వదిలేయకూడదు" అన్నాడు. పని గురించి అంటున్నాడేమో అనుకున్నట్టు తలూపి, రమ్యను తీసుకుని పైకి వచ్చేశాను.

ఆ తర్వాతి వారం మంగళవారం సాయంత్రం రమ్య ఆ పలకను ఫోన్‌లో ఫొటో తీసుకుంది. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. బట్టలు, చేతులు, బంగారం అన్నీ పూర్తయ్యాయి. రెండు ముఖాలూ నల్లగా ఉన్నాయి. బుధ, గురువారాలు రమ్యకు జ్వరం, కిందికి వెళ్ళలేదు. నేను ఆఫీసులో ఉన్నాను. శుక్రవారం ఉదయం జావ కాచి ఆయనకీ ఇద్దామని వెళ్ళింది. తలుపు తాళం వేయలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునే పోయాడు. కుంచెలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. కళ్ళజోడు మడిచి ఉంది. పలక మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది.

కొలోన్ నుంచి ఆయన కూతురు ఎలెని వచ్చింది. అంత్యక్రియలయ్యాక ఇల్లు ఖాళీ చేస్తూ ఆ పలక, నమూనా కాగితం, ఒక కుంచె, కొంచెం ఎర్ర రంగు పొడి తెచ్చి రమ్యకు ఇచ్చింది. మేం తీసుకోలేమన్నాను. "పేరు రాయలేదు కదా, చర్చికి ఇవ్వలేను. నాన్న గుడ్డ మీద చీటీ పెట్టాడు, పైఅంతస్తు వాళ్ళకి అని" అంది.

గుడ్డ తీసి చూస్తే రెండు ముఖాలూ పూర్తయ్యాయి. రమ్య దాన్ని వంటింటి అరలో పెట్టింది. ఏడ్చింది, తర్వాత దగ్గరగా చూసి, "తాత నా మాట విన్నడు చూసినవా? దిష్టి చుక్క పెట్టిండు" అంది. చంటిపిల్ల ముఖం చుక్క లేకుండా వదలొద్దని, బుగ్గ మీద పెట్టమని ఆమె ఒకసారి ఆయనతో అందట. వెంట్రుకవాసి కూడా మార్చకూడదు తల్లీ అని ఆయన నవ్వేశాడట.

నేను దగ్గరికి వెళ్ళాను. చుక్క బుగ్గ మీద లేదు. బిడ్డ కుడి చెవి కింద, దవడ మొదలయ్యే చోట ఉంది. ఒకటి కాదు, రెండు. పైది పెద్దది, కింద ఆవగింజంతది.

కుర్చీలో కూర్చుండిపోయాను. "బుగ్గ మీద కదా పెట్టేది" అని మాత్రం అనగలిగాను. "ఆయనకేం తెలుస్తది పాపం" అంది రమ్య.

నేను చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. నమూనా కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి వెలుగులో చూశాను. ఆ చోట ఏమీ లేదు. రంగు చిందిందేమోనని ఎలెని ద్వారా వాళ్ళ చర్చిలో పటాలు బాగుచేసే ఆయనకు చూపించాను. భూతద్దం పెట్టి చూసి, చిందింది కాదు, మచ్చల పైన చివరి వెలుగు పొర పలచగా వేసి ఉంది, కావాలని గీసినవే అన్నాడు. కోస్తాస్ ఇలా చేశాడంటే నమ్మలేనన్నాడు. నేను నిద్రలో మాట్లాడతానా అని రమ్యను అడిగాను. "మాట్లాడవు, గురక పెడ్తవ్" అంది. ముఖం మా బిడ్డలా ఉందని నేను అనను. అది బాలయేసు ముఖం, వాళ్ళ పద్ధతిలో పెద్దవాళ్ళ ముఖంలాగే ఉంది. నేను చెప్పేది ఆ రెండు మచ్చల గురించే.

పది రోజులు ఆ అర వైపు చూడకుండా కాఫీ పెట్టుకున్నాను. పదకొండో రోజు, ఆదివారం ఉదయం, ఫైల్లోంచి కవర్ తీసి రమ్య ముందు పెట్టాను. అదేమిటో చెప్పాను. ఆ రోజు నేను చూశానని చెప్పాను. మచ్చల సంగతి మాత్రం చెప్పలేదు.

ఆమె కవర్‌ను చాలాసేపు చేత్తో తడిమింది. నర్సు సంతకం చెక్కుచెదరలేదు. తనే చింపింది. ఐదు ఫొటోలు. మొదటి రెండింటిలో టోపీ ఉంది. మూడో దాంట్లో టోపీ లేదు, తల ఎడమ వైపుకు వాలి ఉంది. కుడి చెవి కనిపిస్తోంది.

రమ్య ఫొటో పట్టుకుని అర దగ్గరికి వెళ్ళింది. పటం పక్కన పెట్టింది.

"తాతకు చెప్పినవా?" అంది, వెనక్కి తిరగకుండానే.

"లేదు."

"ఫొటో చూపించినవా?"

"కవర్ ఇప్పుడు నువ్వే చింపినవ్ కదా."

ఆమె చేతిలో చింపిన కవర్ ఇంకా ఉంది. దాన్ని ఒకసారి చూసుకుంది. మరి ఆయనకెట్లా తెలిసిందని అడుగుతుందనుకున్నాను. ఆమె అది అడగలేదు.

"నాకు చెప్పాల్సింది నువ్వు" అంది.

తర్వాత ఏడ్చింది. హాస్పిటల్‌లో కూడా అలా ఏడవలేదు. నేను దగ్గరికి వెళ్తే తోసేసింది. సాయంత్రం దాకా ఫొటోలు ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చుంది. అప్పుడు నన్ను పిలిచి, జుట్టు మెత్తగా ఉండెనా అని అడిగింది. మెత్తగా ఉందన్నాను. బరువెంత, వేళ్ళు ఎట్లున్నయి, గోళ్ళున్నయా, చల్లగుండెనా. ఏడు నెలలుగా మరిచిపోతోందని నేను అనుకున్నవన్నీ ఒక్కొక్కటే అడిగింది. తెలిసినంత చెప్పాను. కొన్నిటికి తెలియదన్నాను, ఎందుకంటే నేను చూసింది రెండు నిమిషాలే.

పేరు పెడదామా అని నేనే అన్నాను. "ఆరో నెలల్నే పెట్టుకున్న. నువ్వడగలే" అంది. వెన్నెల.

జనన మరణాలు నమోదు చేసే స్టాండెస్‌అమ్ట్ ఆఫీసులో టైము తీసుకుని ఖాళీగా వదిలేసిన ఆ గడిలో పేరు రాయించాం. తర్వాత శ్మశానానికి వెళ్ళాం. రమ్య అక్కడికి రావడం అదే మొదటిసారి. ఇంట్లోంచి ఒక గుడ్డు, కుంచె, ఆ ఎర్ర రంగు పొడి తెచ్చుకుంది. బెంచీ మీద కూర్చుని, సొనను అరచేతుల మధ్య దొర్లించి, పొర చేతిలో మిగిలేలా గుచ్చి, రంగు కలిపి, చెక్క గుర్తు మీద తెలుగులో పేరు రాసింది. వానకు పోతుందేమో అన్నాను. పోతే మళ్ళీ రాస్తానంది.

పటం ఇప్పటికీ మా వంటింటి అరలోనే ఉంది. దాని మీద మాత్రం పేరు రాయలేదు. అది రాయాల్సినాయన లేడు.

కోస్తాస్‌కి ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఇన్ని నెలలు ఆలోచించినా ఒక్క దారీ కనిపించలేదు. జీవితంలో వెంట్రుకవాసి కూడా మార్చని మనిషి, చివరి రెండు రోజుల్లో, ఊపిరి అందని స్థితిలో, ఆ రెండు మచ్చలు ఎందుకు పెట్టాడో, సరిగ్గా అక్కడే ఎలా పెట్టాడో నేను చెప్పలేను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ తెలిసిన నేను చెప్పలేదు. తెలిసే దారే లేని ఆయన చెప్పి పోయాడు.

వాన పడ్డ మర్నాడల్లా రమ్య ఒక గుడ్డు తీసి సంచీలో పెట్టుకుంటుంది. నన్ను రమ్మంటే వెళ్తాను. రమ్మనని రోజు ఇంట్లోనే కూర్చుంటాను.